చేరినట్టు కబురు

పుప్పమ్మ పోయిందన్న టెలిగ్రాం నాకు అందేసరికి, ఎమ్మిగనూరులో ఆమె మూడో నాటి ఫాతెహా ప్రార్థన కూడా అయిపోయింది. నేనప్పుడు వెస్టిండీస్ దీవుల్లో ఒకదానిలో, సర్కారు ఆసుపత్రిలో, ఒక ముసలమ్మ వీపు మీద స్టెతస్కోపు పెట్టి గట్టిగా గాలి పీల్చమని చెబుతున్నాను. టెలిగ్రాం తెచ్చినతను తలుపు దగ్గరే నిలబడి, నేను చెవుల్లోంచి గొట్టాలు తీసేదాకా ఆగాడు. కాగితంలో ఉన్నవి రెండు మూడు ఇంగ్లీషు ముక్కలే. ఎన్నిసార్లు చదివినా అవి అంతకంటే ఎక్కువ ఏమీ చెప్పలేదు. ముసలమ్మ గుండీలు పెట్టుకుంటూ నా ముఖం చూసి, ఎవరని అడిగింది. నాన్నకు అక్క అన్నాను. ఆమె బల్ల మీద కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుని డాక్టరు ఏడవడం ఆ ఆసుపత్రిలో ఎవరూ అంతకుముందు చూసి ఉండరు.

నాన్న అక్కచెల్లెళ్ళను మేము పుప్పమ్మ అంటాం. మాది ఆదోని. మా ఇంట్లో సగం ఉర్దూ, సగం తెలుగు. కోపమొస్తే ఉర్దూ, ముద్దొస్తే తెలుగు. పుప్పమ్మ మాత్రం పెళ్ళై ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్ళ మధ్య కాపురం పెట్టినప్పటి నుంచి కోపానికి కూడా తెలుగే వాడేది. మామ చిన్న వయసులోనే పోయాడు. ఒక్కతే కూతురు, నాకు ఆపా, అంటే అక్క. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టడానికి నూలు కండెలు కావాలి కదా, ఆ కండెలు చుట్టి ఇచ్చి పుప్పమ్మ ఆ పిల్లను పెంచింది. ఆమె ఇల్లు ఆదోని రోడ్డు మీదే, బస్టాండుకు కాస్త ముందర. వీధి గదిలో రాట్నం. రాట్నం చుట్టూ ఎర్రవీ, పచ్చవీ, నీలివీ తెగిన పోగులు. ఆ పోగులంటే ఆమెకు చెప్పలేనంత చిరాకు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఈత పొరక పట్టుకుని కసువు ఊడిస్తే ఆ బండల మీద చీమ కూడా దాక్కోవడానికి చోటుండేది కాదు.

అంత శుభ్రం పిచ్చి ఉన్న మనిషి పొరక ముట్టని సమయం ఒకటి ఉండేది. ఇంటి మనిషి ఎవరైనా ఊరికి బయలుదేరినప్పుడు. మనిషి గడప దాటగానే ఇల్లు ఊడవకూడదని చాలా ఇళ్ళల్లో అంటారు. మీ ఇంట్లోనూ అని ఉంటారు. ఎక్కువమంది ఆ మనిషి వీధి మలుపు తిరిగేదాకా ఆగి, తర్వాత తమ పని తాము చూసుకుంటారు. మా పుప్పమ్మకు మలుపు తిరిగితే సరిపోదు. మనిషి చేరాలి. చేరినట్టు కబురు రావాలి. అప్పటిదాకా వీధి గది ఎట్లా ఉన్నది అట్లాగే.

కబురు తెచ్చేది బస్సు కండక్టర్లు. ఆదోని బస్సుల కండక్టర్లందరికీ ఆ గుమ్మం తెలుసు. మా అబ్బా, అంటే మా నాన్న, పత్తి మండీలో దలాలీ చేసేవాడు. వారానికోసారి అక్కను చూడటానికి వెళ్ళి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చేవాడు. ఆయనను ఆదోనిలో దించిన కండక్టరు, మళ్ళీ ఎమ్మిగనూరుకు వచ్చేటప్పుడు ఫుట్‌బోర్డు మీద వంగి, ఆమె గుమ్మం ముందు బస్సు మెల్లగా పోతుంటే అరిచేవాడు.

“సేరినాడమ్మా మీ తమ్ముడు! మార్కెట్టు కాడ దిగినాడు!”

బస్సు స్టాండులోకి పోయేలోపలే గది ఊడవడం అయిపోయేది.

ఒకసారి అబ్బా ఆమె ఇంటి నుంచి మంత్రాలయం పని మీద వెళ్ళి, అక్కడ ఎవరో వ్యాపారి కలిస్తే ఆ వ్యాపారితో రాయచూరు పోయాడు. కబురు లేదు. తిరిగొచ్చేసరికి పుప్పమ్మ వీధి గదిలో పోగుల మధ్య కూర్చుని ఉంది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను, ఇంకా స్కూల్లో చదువుతున్నాను.

“నువ్వు రాయచూరులో తిని తిరుగుతాంటే, నేనీడ కసువులో కూసున్నా,” అంది.

“ఊడ్చుకుంటే ఎవరొద్దన్నారు ఆపా? నేనేం సిన్నపిల్లోన్నా?”

“తోవలో ఉండేటోళ్ళంతా సిన్నపిల్లోళ్ళే,” అంది పుప్పమ్మ. అబ్బా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

నాకు మన దేశంలో మెడిసిన్ సీటు రాలేదు. రెండుసార్లు రాసినా రాలేదు. కువైట్‌లో ఉన్న మా చాచా, అంటే చిన్నాన్న, ఒక సెలవుల్లో వచ్చి, వెస్టిండీస్ దీవుల్లో కొత్తగా కాలేజీలు పెడుతున్నారని, మార్కులు అంతగా చూడరని, ఖర్చు తాను పెట్టుకుంటానని అన్నాడు. ఆదోనిలో వెస్టిండీస్ అంటే తెలియనివాళ్ళు లేరు. రేడియోలో క్రికెట్ కామెంటరీ వినే ప్రతి కుర్రాడికీ తెలుసు. ఆ దేశంలో కాలేజీలు కూడా ఉంటాయని మాత్రం ఎవరూ అనుకోలేదు. పుప్పమ్మకు ఆపా ఎవరి దగ్గరో అట్లాసు అడిగి తెచ్చి చూపించింది. నీలం రంగు మీద ఈగ వాలినంత మచ్చ.

“ఇంత నీళ్ళ మధ్యన ఇంత సిన్న ఊరా?” అంది పుప్పమ్మ. “ఆడంతా బంతులేసేటోళ్ళేనంట కదా. దెబ్బలు తగిలితే కట్టు కట్టేదానికి మనోన్ని పిలిపించుకుంటాండారేమో.”

బయలుదేరే రోజు నేను ఆదోని నుంచి నేరుగా రైలెక్కి ఉంటే సరిపోయేది. కానీ మా ఇంట్లో దూరం పోయేవాళ్ళు పుప్పమ్మ గడప తొక్కకుండా పోరు. ఇమాం జామీను కట్టేది ఆమెనే. ఒక రూపాయి బిళ్ళ ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, ప్రయాణం పోయేవాళ్ళ కుడి రెట్టకు కడతారు. క్షేమంగా చేరాక ఆ ముడి విప్పి, ఆ బిళ్ళను లేనివాళ్ళకు ఎవరికైనా ఇచ్చేయాలి. ఆమె నా చొక్కా చేయి పైకి మడిచి, దువా చదివి, మూడు ముళ్ళు వేసింది. ఆ ముళ్ళు నాకు నొప్పి పుట్టించాయి.

“కట్టేది నేను. విప్పేది నువ్వు,” అంది. “సేరినాక విప్పు. విప్పినాక కబురు పెట్టు. సరేనా?”

బస్సెక్కించేటప్పుడు కండక్టరుకు కూడా అప్పగించింది.

“అప్పా, వీడు సేరినట్టు కబురు నువ్వే సెప్పల్ల.”

“వాడు పోయేది వెస్టిండీసంట కదమ్మా. మా బస్సు ఆదోని దాటదు.”

“ఆదోని దాటినాక ఏదో ఒక బండి ఉంటాది కదప్పా. ఒకరికొకరు సెప్పుకోండి.”

బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి వెనక్కి చూస్తే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె వెనక గది బండల మీద, నేను తిన్న ఉగ్గానిలోంచి రాలిన బొరుగులు కూడా అట్లాగే ఉన్నాయి.

చేరగానే కాలేజీవాళ్ళే మా ఇంటికి టెలిగ్రాం కొట్టించారు. క్షేమంగా చేరాడని. అబ్బా దాన్ని జేబులో పెట్టుకుని ఎమ్మిగనూరు పోయాడట. తర్వాత ఉత్తరంలో ఆ సంగతంతా రాశాడు. పుప్పమ్మ టెలిగ్రాం చదివించుకుని, “విప్పినాడని ఉందా దాంట్లో?” అని అడిగిందట. అది లేదన్నాడు అబ్బా. “అయితే సేరలేదు,” అందట. కాలేజీ వాళ్ళే రాశారని, ముద్ర కూడా ఉందని అబ్బా చెప్పి చూశాడు. “కాలేజీ వాళ్ళకేం తెలుసు, కట్టింది నేను,” అని ఆమె మళ్ళీ రాట్నం ముందు కూర్చుందట.

ఆమె అన్నది నిజమే. నేను విప్పలేదు.

విప్పకపోవడానికి మొదట్లో సాకు ఉండేది. లేనివాళ్ళకు ఇవ్వాలి కదా, ఇక్కడ ఎవరు లేనివాళ్ళో నాకెట్లా తెలుస్తుంది, మన రూపాయి ఇక్కడ ఎవరికి పనికొస్తుంది అనుకునేవాణ్ణి. అసలు సంగతి అది కాదు. ఆ ముడి ఉన్నంతకాలం నా ప్రయాణం ఇంకా అయిపోలేదు. ప్రయాణం అయిపోకపోతే మధ్యలోంచి వెనక్కి తిరగవచ్చు. రాత్రుళ్ళు పడుకున్నప్పుడు ఎడమ చేత్తో ఆ ముడిని పట్టుకుని పడుకునేవాణ్ణి. ఇరవై ఏళ్ళు దాటిన వాణ్ణి, శవాలను కోసి నరాల పేర్లు అప్పచెప్పేవాణ్ణి, అట్లా పడుకునేవాణ్ణని ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు నవ్వు రావడం లేదు.

ఆదోనిలో పుట్టినవాడికి ఆ దీవిలో అన్నిటికంటే కష్టం నీళ్ళు. కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి పెరిగినవాణ్ణి. అక్కడ ఏ కిటికీ తెరిచినా నీళ్ళే, ఒక్క చుక్క తాగడానికి పనికిరావు. వాన మొదలైతే ఆగదు. బట్టలు ఆరవు, ఉప్పు ఆరదు, పుస్తకాలకు బూజు. మన కొండలు రాళ్ళు, ఆ రాళ్ళ మీద ఎండ పడితే కళ్ళు మూసుకుపోతాయి. అక్కడ కొండలకు సందు లేకుండా చెట్లు. అందరూ మంచివాళ్ళే, చూసినవాళ్ళంతా నవ్వి పలకరించేవాళ్ళు. ఆ నవ్వుకు నవ్వు ఇచ్చి గదిలోకొచ్చి తలుపు వేసుకునేవాణ్ణి. జొన్న రొట్టె వాసన గుర్తు చేసుకుందామంటే ఒక్కోరోజు గుర్తొచ్చేది కాదు. అప్పుడు భయం వేసేది.

ఆపా నుంచి ఉత్తరాలు వచ్చేవి. పుప్పమ్మ చెబుతుంటే రాసేది, మధ్యలో తన సొంత మాటలు కలిపేది. వీధి గది ఊడవలేదని రాసింది. రాట్నం వెనక గదిలోకి మార్చమంటే వినడం లేదని, అదే గదిలో కూర్చుని చుడుతోందని, రాలిన పోగుల మీదనే మళ్ళీ పోగులు రాలుతున్నాయని, నడిస్తే కాళ్ళకు చుట్టుకుంటున్నాయని రాసింది. వీధివాళ్ళు పిల్లలను తీసుకొచ్చి చూపించిపోతున్నారట. కండక్టర్లు ఇప్పుడు కబురు చెప్పడం మానేసి, కబురు అడుగుతున్నారట. “విప్పినాడా అమ్మా మీవాడు?” అని ఫుట్‌బోర్డు మీంచి అరిస్తే, “లేదప్పా, ఇంకా తోవలోనే ఉండాడు,” అని పుప్పమ్మ జవాబు ఇస్తోందట.

ఆ ఉత్తరాలు చదివి నేను నవ్వాలో ఏడవాలో తెలియక అట్లాగే కూర్చునేవాణ్ణి. విప్పితే ఆమె ఊడుస్తుంది. విప్పితే నేను చేరినట్టే. రెండూ తెలుసు. చేయి మాత్రం ముడి మీదికి పోయేది కాదు.

చివరికి అబ్బాకు రాసేశాను. నేను ఉండలేను, వచ్చేస్తాను, మండీలో నీతో పాటు కూర్చుంటానని. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. ఫోను వచ్చింది.

పత్తి బండ్లు ఆదోని మార్కెట్టులోకి బారులు తీరే కాలం అది. మా అబ్బాకు తెలిసిన పత్తి వ్యాపారి దుకాణంలో ఫోను ఉండేది. ఆ దీవికి ట్రంకాల్ బుక్ చేసి, పుప్పమ్మ పొద్దున్నించి ఆ దుకాణంలో పత్తి బోరాల మధ్య కూర్చుందట. ఆదోనిలో సాయంత్రమవుతుంటే నాకు తెల్లవారుతోంది. వార్డెను వచ్చి తలుపు కొడితే, ఇంట్లో ఎవరో పోయారనుకుని పరుగెత్తాను. ఫోనులో గాలి హోరు. ఆ హోరు అవతల పుప్పమ్మ, ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు వినిపించేటట్టు అరుస్తోంది.

“యాడుండావురా?”

“ఈడే పుప్పమ్మా. హాస్టల్లో.”

“హాస్టల్లో ఉంటే సేరినట్టే కదా? ఏంటికి విప్పలేదు?”

ఒక్కో క్షణం జారిపోతోందని తెలుసు. “నేను వచ్చేస్తా పుప్పమ్మా,” అన్నాను. “నా చేత కాదు. నేను ఉండలేను ఈడ.”

హోరు పెరిగింది. లైను పోయిందనుకున్నాను.

“వస్తే రా నాయనా,” అంది. ఇప్పుడు అరవడం లేదు. “రావద్దనేదానికి నేనెవరు? కానీ సేరి రా. సేరకుండా ఎట్ల తిరిగొస్తావు? తోవలో ఉండేవాన్ని నేను యాడికని పిలిచేది?”

ఏదో చెప్పబోయాను. లైను తెగిపోయింది. వార్డెను నా చేతిలోంచి ఫోను తీసుకుని పెట్టేశాడు.

హాస్టలు ఎదురుగా ఒక చిన్న చర్చి ఉండేది. దాని ముంగిలి రోజూ పొద్దున్నే ఒక పెద్దామె ఊడ్చేది, కొబ్బరి ఈనెల పొరకతో. ఫోను దగ్గర నుంచి వచ్చి మెట్ల మీద కూర్చుంటే ఆ చప్పుడు వినిపించింది. అన్ని నెలలూ ఆ చప్పుడు అక్కడే ఉంది. నేను ఒక్కసారి కూడా లేచి అటు వెళ్ళలేదు. ఆ రోజు వెళ్ళాను. ఆమె ముందే నిలబడి చొక్కా చేయి మడిచి, ముడి విప్పడానికి చూశాను. ఉప్పు గాలికీ చెమటకూ అది బిగిసిపోయింది. ఆమె పొరక పక్కన పెట్టి, తన గోళ్ళతో విప్పింది. ఎందుకు విప్పాలని కూడా అడగలేదు. బిళ్ళ ఆమె చేతిలో పెట్టాను. దీంతో ఏమి వస్తుందని అడిగింది. ఇక్కడ ఏమీ రాదన్నాను. మరి నాకెందుకంది. నేను చేరానని, అన్నాను. అంతకంటే ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తలగుడ్డ కొసకు ముడివేసుకుంది.

ఆమె ఇంటి ముందు ఎర్రకాడల చెట్లు ఉండేవి. పండుగలకు ఆ ఎర్ర కాయల పొరలతో షర్బత్తు చేసుకుంటారు వాళ్ళు. ఆ రోజు దగ్గరికి వెళ్ళి చూస్తే మన పుంటికూర, అదే గోంగూర! ఆకంతా ఊరికే రాలిపోతోంది. కోసుకోవచ్చా అంటే, ఆకు ఎవరు తింటారని ఆమె నవ్వి, ఒడినిండా కోసిచ్చింది. ఆ మధ్యాహ్నం హాస్టల్ వంటింట్లో ఉడకబెట్టుకుని, ఎండుమిరపకాయలు లేక వాళ్ళ పచ్చిమిరపకాయలు వేసుకుని తిన్నాను. కళ్ళ నీళ్ళు కారంతో వచ్చినవని అందరికీ చెప్పాను.

తర్వాత పోస్టాఫీసుకు వెళ్ళి టెలిగ్రాం ఇచ్చాను. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను, ఒకే ఒక్క మాట: విప్పినాను. గుమాస్తా ఇది ఏ భాష అని అడిగి, అక్షరం అక్షరం నాతో చదివించుకుని సరిచూసుకున్నాడు.

ఆ టెలిగ్రాం తీసుకుని అబ్బా ఎమ్మిగనూరు బస్సెక్కాడు. సంతోషం పట్టలేక టికెట్టు తీసుకునేటప్పుడే కండక్టరుకు చెప్పేశాడు. ఇంక కండక్టరు ఆగుతాడా? ఇల్లు కనిపించకముందే ఫుట్‌బోర్డు మీదికి వచ్చి, “విప్పినాడమ్మో! సేరినాడమ్మో!” అని అరిచాడట. “నా కొడుకు కబురు నేను సెప్పకముందే వాడు సెప్పేసినాడు,” అని అబ్బా ఆ తర్వాత ఎన్నేళ్ళో గొణిగేవాడు.

పుప్పమ్మ ఊడ్చింది. ఎట్లా ఊడ్చిందో ఆపా రాసింది. పొరక చేతిలో పట్టుకుని కాసేపు ఊరికే నిలబడిందట. ఇంకెవరినీ చేయి వేయనివ్వలేదట. ఒక మూల నుంచి మొదలుపెట్టి, పోగులన్నీ ఒక దగ్గరికి చేర్చి, అక్కడే కూలబడి ఏడ్చిందట. అంతకాలం ఒక్కసారి కూడా ఏడవని మనిషి. “వాడు సేరినాడే,” అందట ఆపాతో. “ఇంక నిజంగా ఆడనే ఉంటాడు.”

నేను అక్కడే ఉన్నాను. చదువు అయింది. పట్టా చేతికి వచ్చింది. ఆ పట్టా మన దేశంలో చెల్లదన్నారు. చెల్లేదాకా అక్కడి సర్కారు ఆసుపత్రిలో పనికి కుదిరాను. ఈ సంవత్సరం కాకపోతే వచ్చే సంవత్సరం అనుకుంటూ ఉన్నాను.

మధ్యలో సెలవు మీద వచ్చాను. పుప్పమ్మ చిన్నదైపోయింది. రాట్నం మాత్రం ఆగలేదు. మెడలో వేసుకున్న స్టెతస్కోపును చేత్తో తడిమి, “దీంతోనేనా నువ్వు ఆడుండేటోళ్ళందరినీ బతికిస్తాండేది?” అంది. ఆమె వీపు మీద పెట్టి విన్నాను. ఏళ్ళ తరబడి నూలు పీచు పీల్చిన ఊపిరి. దాని కింద గుండె, అలిసిపోయినది. నేను వినకూడదనుకున్నవన్నీ విన్నాను.

“ఏం ఇనపడతాంది?”

“కండెలు చుట్టడం ఆపు పుప్పమ్మా.”

“అది నా సేతులు సెప్పే మాట. గుండె ఏం సెప్తాంది, అది సెప్పు.”

మాత్రలు రాశాను, ఉప్పు తగ్గించమన్నాను, ఆదోనిలో తెలిసిన డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళి చూపించాను. ఆ డాక్టరు నేను రాసిన మాత్రలే మళ్ళీ రాశాడు. ఊర్లో ఆగి నేను చేయగలిగింది ఇంకేమీ లేదు, ఆగే వీలూ లేదు, సెలవు అయిపోయింది. మళ్ళీ నా రెట్టకు గుడ్డ కట్టింది. ఈసారి ముడి నొప్పి పెట్టలేదు. వేళ్ళల్లో బలం లేదు.

“జల్దీ విప్పు రా,” అంది. “కసువులో కూసునే ఓపిక లేదు నాకు.”

దీవిలో విమానం దిగి, బయటికి రాగానే విప్పాను. కనిపించిన మొదటి ముసలాయన చేతిలో బిళ్ళ పెట్టి, అక్కడి నుంచే టెలిగ్రాం కొట్టాను.

ఆ తర్వాత ఆపా ఉత్తరాల్లో ఆయాసం అన్న మాట మొదలైంది. మొదట మెట్లెక్కితే అని, తర్వాత నడిస్తే అని, తర్వాత పడుకుంటే అని. ఆ క్రమం నాకు తెలుసు. పుస్తకంలో చదివాను, రోజూ మంచాల మీద చూస్తున్నాను. అక్కడ ఆయాసంతో వచ్చే ప్రతి ముసలమ్మకూ నేను చేయి పట్టుకుని, దిండ్లు ఎత్తి పెట్టి, సూది వేసి, ఊపిరి తేలికయ్యేదాకా పక్కన కూర్చునేవాణ్ణి. ఊపిరి ఆడాక వాళ్ళు నన్ను ఆశీర్వదించేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నేను ఎవరి కోసం నేర్చుకున్నానో ఆమెకు నా చదువు అందేది ఉత్తరంలో, అదీ రెండు వారాలు ఆలస్యంగా. మందు మార్చమని నేను రాసింది చేరేసరికి ఆమె రోగం ఇంకో మెట్టెక్కి ఉండేది. అంత దూరంలో డాక్టరు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

టెలిగ్రాం వచ్చాక సెలవు దొరికి, టికెట్టు దొరికి, లండన్ మీదుగా బొంబాయి వచ్చి రైలెక్కి ఆదోనిలో దిగేసరికి పదో రోజు కూడా దాటిపోయింది. ఎమ్మిగనూరు బస్సులో పాత కండక్టరే ఉన్నాడు. జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టాడు. ఇల్లు దగ్గరపడగానే, అక్కడ స్టాపు లేకపోయినా తనే బెల్లు కొట్టాడు. అలవాటుకొద్దీ ఫుట్‌బోర్డు మీదికి వంగి, గుమ్మం వైపు తిరిగి నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

“దిగు నాయనా,” అన్నాడు మెల్లగా.

అబ్బా నన్ను ఖబరస్తానుకు తీసుకెళ్ళాడు. మట్టి అప్పటికే ఎండి పగుళ్ళు పట్టింది. అక్కడ నిలబడి దువా చదివి వచ్చాం. వచ్చాక చూశాను, వీధి గదిలోకి ఎవరూ పోవడం లేదు. వచ్చినవాళ్ళకు చాపలు పెరట్లో వేస్తున్నారు. ఆమెను ఆ గదిలోంచే తీసుకెళ్ళారట. అప్పటి నుంచి ఆ గది అట్లాగే ఉంది. రాట్నం, సగం చుట్టిన నీలి కండె, బండల మీద నీలి పోగులు, ఆమె కొరికి పారేసిన వక్క ముక్కలు.

“ఎవరికీ సెయ్యి రాలేదు,” అంది ఆపా. “నువ్వొస్తే నువ్వే సెప్తావని.”

సాయంత్రం అబ్బా మూలనున్న ఈత పొరక తీసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. అక్కను జీవితమంతా ఈ విషయం మీదే ఆటపట్టించినవాడు. పొరక కింద ఆనించి, గది లోపలికి చూస్తూ నన్ను అడిగాడు.

“సేరిందంటావా?”

ఆ ప్రశ్న నేను చదివిన ఏ చదువులోనూ లేదు. ఆసుపత్రిలో మనిషి పోయాక ఇంటివాళ్ళు నా వైపు చూస్తే, ఏదో ఒక మాట చెబుతాను. కష్టం లేకుండా పోయిందని, ఇంక నొప్పి లేదని. అబ్బాకు ఆ మాట కూడా చెప్పలేకపోయాను. ఆమె రెట్టకు ఎవరూ ఏమీ కట్టలేదు. కట్టినా, విప్పినట్టు చెప్పే మనిషి ఎవరు?

“కబురు రానీ అబ్బా,” అన్నాను.

ఆయన తలాడించి, పొరకను మళ్ళీ మూలన ఆనించాడు. అప్పుడే ఆదోనికి తిరిగిపోయే బస్సు స్టాండులోంచి వచ్చి, మా గుమ్మం ముందు మెల్లగా అయింది. ఫుట్‌బోర్డు మీద కండక్టరు మా వైపు చూశాడు. అబ్బా చేయి ఎత్తి, ఇంకా లేదన్నట్టు తిప్పాడు. బస్సు వెళ్ళిపోయింది. దాని గాలికి గదిలోని నీలి పోగులు కొన్ని లేచి, బండల మీద దొర్లుకుంటూ గడప దాకా వచ్చి ఆగాయి.